కుటుంబ జాబితా

అమెరికాకి శరణార్థిగా వచ్చిన మనిషి తనవాళ్ళని రప్పించుకోవడానికి పెట్టే కాగితం పేరు ఐ-730. ఫీజు లేదు. వచ్చిన రెండేళ్ళలోపు పెట్టాలి. ఒక్కో మనిషికి ఒక్కో ఫారం. ఎవరెవరికి పెట్టొచ్చు అంటే, భార్య లేదా భర్త, 21 ఏళ్ళలోపు పెళ్ళికాని పిల్లలు. అంతే. అమ్మానాన్నలకి లేదు. తోడబుట్టినవాళ్ళకి లేదు. అన్న పోయాక మనింట్లో, మన పిల్లల కంచాల పక్కనే కంచం పెట్టుకుని పెరిగిన అన్న కూతురికి లేదు.

మొదటిసారి చదివినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. నేనూ అలాంటి కాగితం మీద వచ్చినదాన్నే కదా. హెచ్-4 వీసా అంటే ఫలానా ఆయన భార్యనని రుజువు చేసుకుని రావడం. కాన్సులేట్‌కి పెళ్ళి ఆల్బమ్, శుభలేఖ, మ్యారేజ్ సర్టిఫికెట్ అన్నీ పట్టుకుని తెల్లవారుజామునే వెళ్ళి నిలబడ్డాను. ఆల్బమ్ రెండు కిలోలుంటుంది. కిటికీ అవతలావిడ దాన్ని తెరవమని కూడా అనలేదు. ఒక ప్రశ్న అడిగింది, పాస్‌పోర్టు ఉంచేసుకుంది, అయిపోయింది. జీలకర్రా బెల్లం ఫొటో చూడని దేశానికి వెళ్తున్నానని మా అమ్మ తర్వాత అందరికీ చెప్పుకుని నవ్వింది.

వచ్చాక ఉద్యోగం చెయ్యడానికి పర్మిట్ లేదు. టెక్సస్‌లో మా అపార్ట్‌మెంట్‌కి పది నిమిషాల దూరంలో, ఒక టైలర్ షాపుకీ డోనట్ల కొట్టుకీ మధ్య, శరణార్థులకి పునరావాసం చూసే ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసు ఉంది. 2022 చివర్లో అక్కడ వలంటీరుగా చేరాను. మొదట మంచాలు బిగించే పని. నాకు హిందీ, హైదరాబాదీ ఉర్దూ వస్తాయని తెలిశాక కాగితాల దగ్గర కూర్చోబెట్టారు. కేసు రాసేది, సంతకం పెట్టేది అందుకు ప్రభుత్వ గుర్తింపు ఉన్న మా లీగల్ మేడం. నా పని కాగితాలు పోగుచెయ్యడం, వరసపెట్టడం, ఫోన్లు చెయ్యడం.

ఈ వ్యవస్థ బయటినుంచి చూస్తే సర్కారు పనిలా ఉంటుంది, లోపలినుంచి చూస్తే చందాల పనిలా ఉంటుంది. రెండూ నిజమే. 1980లో వచ్చిన రెఫ్యూజీ చట్టం కింద, ఏడాదికి ఎంతమందిని తీసుకోవాలో అధ్యక్షుడు నిర్ణయిస్తాడు. విదేశంలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ పేర్లు పంపుతుంది. అమెరికా అధికారులు వెళ్ళి ఇంటర్వ్యూ చేస్తారు. వైద్య పరీక్షలూ విమానం టిక్కెట్లూ ఐఓఎం అనే అంతర్జాతీయ సంస్థ చూస్తుంది. ఆ టిక్కెట్టు ఉచితం కాదు, అప్పు. వడ్డీ ఉండదు కానీ వచ్చిన కొన్నాళ్ళకే నెలనెలా కట్టడం మొదలుపెట్టాలి. ఇక మనిషి ఏ ఊళ్ళో దిగాలన్నది స్వచ్ఛంద సంస్థల చేతుల్లో ఉంటుంది. దేశం మొత్తం మీద తొమ్మిదో పదో పెద్ద సంస్థలు, వాటి ప్రతినిధులు వారం వారం కూర్చుని వచ్చేవాళ్ళ కేసులు పంచుకుంటారు. ఎవరికైనా ఇక్కడ చుట్టం ఉంటే ముందు ఆ ఊరు చూస్తారు. తర్వాత స్థానిక ఆఫీసుకి 90 రోజుల బాధ్యత. ఇంట్లో ఏమేం ఉండాలో ప్రభుత్వం ఇచ్చిన జాబితా ఉంటుంది. మనిషికో పరుపు, మనిషికో కుర్చీ, మనిషికో కంచం. అందులో అలారం గడియారం కూడా ఉంది. దేశం పోగొట్టుకుని వచ్చినవాడికి మొదటి రాత్రి గడియారం ఇవ్వడం నాకు చాలాకాలం వింతగా ఉండేది. ఉద్యోగానికి లేటవ్వకూడదని.

2023 వేసవిలో ఒకాయన వచ్చాడు. రోహింగ్యా. మయన్మార్ రఖైన్ రాష్ట్రంలో మౌంగ్డా వైపు పల్లె. 2013లో పడవెక్కి థాయిలాండ్ మీదుగా మలేషియా చేరి, కౌలాలంపూర్‌లో కట్టడాల దగ్గర పదేళ్ళు కూలిపని చేసి, అక్కణ్ణించి ఇక్కడికి. మదరసాలో నేర్చుకున్న ఉర్దూ వచ్చు, కాబట్టి నా టేబుల్ దగ్గరికి పంపారు. మొదటి రోజే నన్ను 'బాజీ' అన్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. భార్యా కూతురూ బంగ్లాదేశ్ కాక్స్‌బజార్ శిబిరంలో ఉన్నారు. 2017 ఆగస్టు తర్వాత సరిహద్దు దాటిన ఏడు లక్షల పైచిలుకు మందిలో వాళ్ళూ ఇద్దరు. అతను వచ్చేసేటప్పుడు కూతురికి ఆరేళ్ళు. ఆ తర్వాత ఆ పిల్లని ఫోన్లో తప్ప చూడలేదు.

ఇద్దరికీ చెరో ఐ-730 పెట్టాలి. కాగితాలేవని అడిగాను. అతను ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. బర్మా అక్షరాల పట్టిక. దాన్ని కుటుంబ జాబితా అంటారట. ఉత్తర రఖైన్‌లో రోహింగ్యాలకి పౌరసత్వం లేదు, 1982 చట్టం తర్వాత దాదాపు అందరిదీ అదే స్థితి. కానీ లెక్క మాత్రం పక్కాగా రాసేవాళ్ళు. అధికారులు ఇళ్ళకొచ్చి ఎవరున్నారో ఎవరు లేరో చూసి, లేనివాళ్ళ పేర్లు కొట్టేసేవాళ్ళు. పెళ్ళి చేసుకోవాలన్నా సరిహద్దు దళం దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. డబ్బు కట్టాలి, నెలల తరబడి తిరగాలి, కొందరికి ఏళ్ళు పట్టేది. ఈయన తిరిగాడు. అనుమతి కాగితం వచ్చింది. అది ఇంట్లో ఉండేది, ఇల్లు 2017లో కాలిపోయింది.

ఫోన్లో ఉన్నది 2014 తర్వాతి జాబితా, భార్య దగ్గరున్నది. అందులో భార్య పేరుంది. కూతురి పేరుంది. ఈయన పేరు మీద అడ్డంగా గీత ఉంది.

మనిషిని తరిమేసిన రాజ్యమే అతను ఆ ఇంటి మనిషేనని సాక్ష్యం చెప్పాలి. ఆ రాజ్యం అతన్ని ఇంట్లోంచి కొట్టేసింది. నేను మేడం వైపు చూశాను. ఆవిడ ఇలాంటివి చాలా చూసింది. కూతురి సంగతి పర్లేదంది. డీఎన్ఏ పరీక్ష ఉంది, కావాలంటే చేయించొచ్చు. భార్యకి ఏ రక్త పరీక్షా లేదు.

డీఎన్ఏ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది ఈ కథలో మన తెలుగువాళ్ళకి బాగా అర్థమయ్యే భాగం. ఐ-730 కాకుండా ఇంకో దారి ఉండేది, పి-3 అంటారు. ఇక్కడున్న శరణార్థి తన దగ్గరి బంధువులు వీళ్ళని ప్రమాణపత్రం ఇస్తే, వాళ్ళ కేసు చూసేవాళ్ళు. 2008లో ఆఫ్రికాలో, మొదట నైరోబీలో, ఆ బంధుత్వాలు నిజమా కాదా అని డీఎన్ఏ పరీక్షలు పెట్టారు. చెప్పిన రక్తసంబంధాలన్నీ రుజువైన కేసులు ఐదింట ఒక వంతు కూడా లేవు. మిగతావాళ్ళలో పరీక్షకి రానివాళ్ళున్నారు, ఒక్క మనిషి దగ్గర తేడా వచ్చినవాళ్ళున్నారు. ఆ దారినే మూసేశారు. 2012 అక్టోబరులో మళ్ళీ తెరిచారు, ఈసారి డీఎన్ఏ తప్పనిసరి అని.

అందులో మోసం ఉండే ఉంటుంది. డబ్బు తీసుకుని పేర్లు ఇరికించినవాళ్ళూ ఉండే ఉంటారు, మన దగ్గర దొంగ రేషన్ కార్డులు లేవా. కానీ అంతా మోసమేనంటే నేను ఒప్పుకోలేను. మా పెదనాన్న కొడుకు నన్ను చెల్లెలనే అంటాడు, కజిన్ అనడు. పెదనాన్న అనే మాటలోనే నాన్న ఉన్నాడు. పిన్నిని అమ్మా అని పిలిచే ఇళ్ళు నాకు బోలెడు తెలుసు. మా వీధిలో ఒకావిడ చనిపోయిన చెల్లెలి పిల్లలిద్దర్నీ పెంచింది, స్కూల్లో తల్లి పేరు దగ్గర తన పేరే రాయించింది. పరీక్ష పెడితే ఆవిడ అబద్ధాలకోరు. యుద్ధం జరిగిన చోట ఇలాంటి ఇళ్ళు ఎక్కువ ఉంటాయి, తక్కువ కాదు. అక్కడ 'ఈమె నా కూతురు' అన్న మాటకి అర్థం వేరు, ఫారంలో ఆ గడికి అర్థం వేరు. రెండు అర్థాల మధ్య పిల్ల ఇరుక్కుంటుంది.

పేర్లూ తేదీలూ కూడా అంతే. మా ఆఫీసు ఫైళ్ళలో సగం మంది జనవరి 1న పుట్టారు. పుట్టిన రోజు తెలియనివాళ్ళకి ఆ తేదీ వేసేస్తారు. అమెరికన్ వలంటీర్లు నవ్వుకునేవాళ్ళు. నాకు నవ్వు రాలేదు. మా నాన్న బడి సర్టిఫికెట్లో జూలై 1 ఉంది, బళ్ళో చేర్చుకున్న పంతులుగారు వేసిన తేదీ అది. మా నాన్నమ్మ లెక్కన ఆయన సంక్రాంతి వెళ్ళిన వారానికి పుట్టాడు. ఇంటిపేరు ముందా వెనకా అన్న దానిమీద ఇక్కడి తెలుగువాళ్ళు ఎన్ని అఫిడవిట్లు పెట్టుంటారో లెక్కలేదు. మనకి అది చికాకు. వాళ్ళకి, మలేషియాలో ఒక స్పెల్లింగు, బంగ్లాదేశ్‌లో ఇంకో స్పెల్లింగు ఉంటే, అది వేరే మనిషి.

2023 శరదృతువులో రెండు ఫారాలూ వెళ్ళాయి. ఏడాది తర్వాత జవాబొచ్చింది. కూతురి గురించి ఏమీ అడగలేదు. భార్య విషయంలో, వివాహం జరిగినట్టు చూపిన ఆధారాలు చాలవు, మూడు నెలల్లోపు ఇంకేమైనా ఉంటే పంపండి అని.

అప్పుడు అతను తమ్ముడి సంగతి చెప్పాడు. 2012 గొడవలప్పుడే పెళ్ళికాని తమ్ముడు బంగ్లాదేశ్ దాటి ఇండియా చేరాడు. ఇంట్లోంచి వెళ్తూ కుటుంబ జాబితా నకలు ఒకటి తీసుకెళ్ళాడు. పాతది. అందులో అందరూ ఉంటారు. ఆ తమ్ముడు ఇప్పుడెక్కడ అంటే, "హైదరాబాద్‌లో, బాలాపూర్ అనే చోట" అన్నాడు.

మా ఇల్లు మీర్‌పేట. బాలాపూర్ పక్కనే. నాకు బాలాపూర్ అంటే వినాయకుడి లడ్డూ వేలం. ఏటా ఎంత పలికిందో టీవీలో చూస్తాం. రోహింగ్యాలు అక్కడ వేల మంది ఉన్నారని, రేకులూ పరదాలూ కప్పిన గుడిసెల్లో ఉంటారని పేపర్లో ఎప్పుడో చదివాను తప్ప అటు వెళ్ళింది లేదు. టెక్సస్‌లో ఒక మనిషి చెప్తే గానీ మా పక్క కాలనీలో ఎవరున్నారో నాకు పట్టలేదు. ఇండియా 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. ఢిల్లీలో ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చే కార్డు వాళ్ళ దగ్గర ఉంటుంది, కానీ ప్రభుత్వం దృష్టిలో వాళ్ళు అక్రమంగా వచ్చినవాళ్ళే. అన్నని కలవడానికి ఆ తమ్ముడికి ఏ ఫారమూ లేదు. ఐ-730లో తమ్ముడికి గడి లేదని మొదట్లోనే చెప్పాను.

మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఆదివారం బండేసుకుని వెళ్ళాడు. మా అమ్మకి విషయం చెప్తే, బర్మా అనగానే, "మన కంచరపాలెం బర్మా క్యాంపు వాళ్ళలాగానా?" అంది. అమ్మది విశాఖపట్నం. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ లాక్కున్నాక ఓడల్లో తిరిగొచ్చిన తెలుగువాళ్ళ కోసం వెలిసిన చోటు అది. అలాగే అన్నాను. కాదు కూడా. వాళ్ళు దిగిన రేవులో వాళ్ళది అనే ఒక దేశం ఉంది.

తమ్ముడు వీడియో కాల్ చేశాడు. ఒక చిన్న గది. ఆ అబ్బాయి ట్రంకు పెట్టెలోంచి తీసిన కాగితం లామినేషన్ చేయించి ఉంది. "అక్కా, ఈయన మనకంటే మంచి హైదరాబాదీ మాట్లాడుతున్నాడే" అన్నాడు మావాడు. కాగితంలో ఆరు పేర్లున్నాయి. తండ్రి, తల్లి, పెద్దకొడుకు, పెద్దకొడుకు భార్య, వాళ్ళ కూతురు, చిన్నకొడుకు. భార్య అన్న మాట పక్కన అధికారి ముద్ర. కాగితం మెరుపు ఫొటోలో పడకుండా తీయడానికి మా తమ్ముడు గుడిసె బయటికి వచ్చి, నీడలో నిలబడి, పద్దెనిమిది సార్లు తీశాడు. బర్మా భాష అనువాదానికి ఇక్కడ ఇంకో వలంటీరు దొరికాడు. డిసెంబరులో అంతా పంపించాం.

పంపిన రోజు మా ఆఫీసులో నాతోపాటు కాగితాలు సర్దే పెద్దావిడ నాకు కాఫీ పోసింది. వియత్నాం ఆవిడ. ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరై, వారానికి మూడు రోజులు ఇక్కడికొస్తుంది. పెద్దగా మాట్లాడదు. ఆ రోజు అడగకుండానే తన కథ చెప్పింది, అంటే తన జాబితా కథ.

1979లో పడవల్లో పారిపోతూ వేలమంది సముద్రంలో పోతుంటే, వియత్నాం ప్రభుత్వమూ ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థా మే 30న ఒక ఒప్పందం చేసుకున్నాయి. పడవ కాదు, విమానంలో, పద్ధతి ప్రకారం వెళ్ళొచ్చని. దాన్ని ఆర్డర్లీ డిపార్చర్ ప్రోగ్రాం అన్నారు. పద్ధతి ఏమిటంటే, వియత్నాం తను ఎవరిని పోనిస్తుందో ఒక జాబితా ఇస్తుంది. అమెరికా తను ఎవరిని రానిస్తుందో ఒక జాబితా ఇస్తుంది. రెండిట్లోనూ ఉన్నవాడే విమానమెక్కుతాడు. మొదట్లో ఆ రెండు జాబితాల్లోనూ ఉన్న పేర్లు బహు తక్కువ. ఆ రెండు దేశాలకీ రాయబార సంబంధాలు లేవు. బ్యాంకాక్‌లో అమెరికా ఆఫీసు, అందులో ఫైళ్ళు తయారుచెయ్యడానికి స్వచ్ఛంద సంస్థల మనుషులు. వాళ్ళు పంపే ఉత్తరం చూపించి లోపలున్నవాళ్ళు ఎగ్జిట్ పర్మిట్ అడగాలి. 1986లో వియత్నాం ఇంటర్వ్యూలే ఆపేసింది, మరుసటి ఏడు మళ్ళీ మొదలుపెట్టారు. రెండు ప్రభుత్వాలు ఒకరి ముఖం ఒకరు చూడకపోతే మధ్యలో కాగితం మోసేవాడు కావాలి, ఆ మోసేవాడికి ఎవరి మీదా అధికారం ఉండదు. ఇప్పటికీ మా ఆఫీసు పని అదే.

ఆవిడ తండ్రి దక్షిణ వియత్నాం సైన్యంలో ఆఫీసరు. 1975 తర్వాత పునర్విద్యా శిబిరాల్లో ఏడేళ్ళు. అలాంటివాళ్ళని మామూలు జాబితాల్లోకి తేవడానికి వియత్నాం ఒప్పుకునేది కాదు. అప్పుడు ఖుక్ మిన్ థో అనే ఆవిడ వర్జీనియాలో ఒక సంఘం పెట్టింది, వియత్నాం రాజకీయ ఖైదీల కుటుంబాల సంఘం. ఆమె భర్తా శిబిరంలోనే ఉన్నాడు. ఉద్యోగం చేసుకుంటూ, ఇంటినుంచే, ఖైదీల పేర్లు పోగుచేసింది. ఎవరి భర్త, ఎక్కడ, ఎన్నేళ్ళుగా, పిల్లలెందరు. ఆ వివరాలు పట్టుకుని వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖ అధికారి రాబర్ట్ ఫన్సెత్ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగింది. చివరికి ఆయనే వియత్నాంతో కూర్చుని, 1989 జూలై 30న ఒప్పందం చేసుకున్నాడు. శిబిరంలో కనీసం మూడేళ్ళున్నవాళ్ళు కుటుంబంతో రావచ్చని. దాని కింద లక్షన్నరకి పైగా వచ్చారు. మా ఆవిడ 1991లో వచ్చింది.

కుటుంబంతో అంటే మళ్ళీ అదే మాట. భార్య, పెళ్ళికాని పిల్లలు.

"అక్కకి 1983లో పెళ్ళయింది. నాకు సంబంధం కుదిరింది కానీ చేసుకోలేదు" అంది ఆవిడ. ఎందుకు చేసుకోలేదో చెప్పలేదు. కప్పు కడగడానికి లేచి, మళ్ళీ కూర్చుని, 1995 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చెప్పింది. 21 దాటితే పెళ్ళికాకపోయినా కుదరదని అమెరికా నియమం మార్చేసింది. తండ్రి శిబిరంలో ఉన్నన్నాళ్ళు ఇంటిని మోసిన పెద్దపిల్లలు, తమ్ముళ్ళని చదివించినవాళ్ళు, ఎవరు బయల్దేరబోతున్నారో వాళ్ళే ఆగిపోయారు. మళ్ళీ సంఘంవాళ్ళు ఉత్తరాలు, పేర్లు, కాగితాలు. సెనేటర్ జాన్ మెకెయిన్ చట్టానికి సవరణ తెచ్చి 1996లో దాన్ని సరిచేశాడు. ఆయన హనోయి జైల్లో ఐదేళ్ళకి పైగా ఉన్నవాడు. జైలు అంటే ఇంట్లోవాళ్ళకి ఏమిటో ఆయనకి వివరించి చెప్పక్కర్లేకపోయి ఉండొచ్చు.

కుటుంబం అన్న మాటకి చట్టంలో ఉన్న అర్థం కొండమీద చెక్కింది కాదని నాకు ఆ రోజు తెలిసింది. ఎవరో ఇరవై ఒకటి అని రాస్తే ఇరవై ఒకటి. ఎవరో కూర్చుని, పేర్లు పట్టుకుని పోట్లాడితే అది జరుగుతుంది. కానీ మెకెయిన్ సవరణ కూడా పెళ్ళికాని అన్న మాటని ముట్టుకోలేదు. అక్క ఇప్పటికీ అక్కడే ఉంది.

2025 జనవరి 20న కొత్త అధ్యక్షుడు శరణార్థుల కార్యక్రమాన్ని నిలిపేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. టిక్కెట్లు ఖాయమైపోయినవాళ్ళ ప్రయాణాలు కూడా రద్దయ్యాయి. 24న సంస్థలకి పని ఆపమని లేఖలొచ్చాయి. అప్పటికే దిగినవాళ్ళ 90 రోజుల డబ్బు కూడా ఆగింది. మా ఆఫీసులో ఒక కాంగో కుటుంబం కోసం బిగించి పెట్టిన మంచాలు నాలుగుండేవి. నెల తిరిగేసరికి ముప్పై మందిలో ఎనిమిది మంది మిగిలారు. మేడం మిగిలింది. వియత్నాం ఆవిడా నేనూ కూడా మిగిలాం. జీతం లేని ఉద్యోగం పోదు.

వీటిని స్వచ్ఛంద సంస్థలు అంటాం గానీ, ఇన్నేళ్ళూ అద్దె కట్టింది ప్రభుత్వమే. ప్రభుత్వం చెయ్యి తీసేస్తే గుడ్‌విల్ సంచులూ, చర్చి పెద్దమ్మలు కుట్టిన దుప్పట్లూ, మసీదు వాళ్ళిచ్చే బియ్యమూ మిగిలాయి. వాటిని తక్కువ చెయ్యను. ఆ ఫిబ్రవరిలో అద్దె కట్టలేని తొమ్మిది కుటుంబాలకి వాళ్ళే కట్టారు. కానీ వాళ్ళెవరూ ఢాకాలో వీసా ముద్ర వెయ్యలేరు.

జూన్‌లో ఇంకో ప్రకటన వచ్చింది. ప్రవేశం నిషేధించిన దేశాల్లో మయన్మార్ ఒకటి. ఆ దేశం తమ పౌరులు కాదన్నవాళ్ళకి ఇక్కడ ఆ దేశస్థులన్న పేరు అడ్డం వచ్చింది. బంగ్లాదేశ్ ఇచ్చిన కార్డు మీద కూడా శరణార్థి అన్న మాట లేదు. బలవంతంగా చెదరగొట్టబడిన మయన్మార్ జాతీయులు అని ఉంటుంది. ఈ పదబంధం కనిపెట్టినవాళ్ళకి ఒప్పందాల్లో శరణార్థి అన్న మాటకి ఏ హక్కులు రాసి ఉన్నాయో బాగా తెలుసు. అక్టోబరు చివర్లో ఏడాదికి తీసుకునే పరిమితి 7,500 అని ప్రకటించారు. అంతకుముందు అది 1,25,000.

మా కేసు ఇంకా అలాగే ఉంది. వెబ్‌సైట్‌లో నంబరు కొడితే, మీ జవాబు అందింది అని వస్తుంది. అతను వారానికోసారి కొడతాడు. కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. విమానం టిక్కెట్టు అప్పు నెలనెలా కడుతూనే ఉన్నాడు, ఒక్క నెల తప్పలేదు.

కూతురికి ఇప్పుడు పద్దెనిమిది. వయసుతో ఇబ్బంది లేదు, అది లెక్కలో గడ్డకట్టించినట్టు ఆగిపోతుంది, కేసు ఎన్నేళ్ళు నానినా చట్టం ఆమెని 21 లోపు పిల్లగానే చూస్తుంది. కానీ పెళ్ళికి అలాంటి వెసులుబాటు లేదు. ఇక్కడ అడుగుపెట్టే రోజు దాకా పెళ్ళికాకుండా ఉండాలి. శిబిరంలో పెళ్ళికాని పద్దెనిమిదేళ్ళ పిల్ల అంటే, మగదిక్కు లేని ఇల్లు అంటే, నేను వివరించక్కర్లేదు. రాత్రుళ్ళు తల్లీకూతుళ్ళు తలుపుకి నీళ్ళ డబ్బాలు అడ్డం పెట్టుకుని పడుకుంటారని చెప్పాడు. రెండు బ్లాకుల అవతల ఒక సంబంధం వచ్చింది. పిల్లలకి చదువు చెప్పే అబ్బాయి. ఆ చదువు కేంద్రానికి డబ్బులాగి మూతపడితే, ఇంట్లోనే నలుగురికి చెప్తున్నాడట. "అబ్బాయి మంచివాడే బాజీ" అన్నాడు. అది నాతో మూడోసారి అనడం.

వాళ్ళ మౌల్వీ, ఒక్క ఏడాది చూడమన్నాడు. భార్య, ఏడాదేగా అంటే పన్నెండేళ్ళయింది అంది. మేడం తన వంతుగా చట్టం చెప్పింది, పెళ్ళయితే ఫైలు పోతుందని. చేసుకోండి, వద్దు అని చెప్పే హక్కు తనకి లేదని కూడా అంది. నేనూ ఏమీ చెప్పలేదు. చెప్పమని అతను అడగలేదు, నా ముందు కూర్చుని చెప్పుకోవడమే అతనికి కావలసింది.

పోయిన నెల ఒక శనివారం వీడియో కాల్ కలిపి ఫోన్ నా వైపు తిప్పాడు. కూతురు నాతో మాట్లాడాలందట. ఎర్ర ముసుగు, వెనక వెదురు గోడ. మాట్లాడేది రోహింగ్యాలో, తండ్రి పక్కనుంచి ఉర్దూలోకి మార్చి చెప్తున్నాడు. ముందు నాకు సలాం చెప్పింది. తర్వాత నేరుగా అడిగింది. ఎక్కడా రాయకుండా, కాగితం లేకుండా, మౌల్వీ ముందు నిఖా ఒక్కటే చేసుకుంటే అది పెళ్ళి కిందికి వస్తుందా?

వస్తుంది అన్నాను. ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి అడుగుతారు, మేడం ముందే చెప్పింది, కాగితం లేకపోయినా పెళ్ళి పెళ్ళే.

ఆ పిల్ల కాసేపు ఏమీ అనలేదు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత ఏదో అంది, పొడుగ్గా. తండ్రి వెంటనే అనువాదం చెయ్యలేదు. ఫోన్ చేతిలో కొంచెం కిందికి దించి, నా టేబుల్ మీదున్న స్టేప్లర్ వైపు చూస్తూ చెప్పాడు.

"మరి అమ్మ నిఖా ఎందుకు పెళ్ళి కిందికి రాలేదు అని అడుగుతోంది బాజీ."

మేడంని అడిగి చెప్తానన్నాను.